పదును తెలియని పెట్టె

మృగశిర కార్తె, ఐదో రోజు

…అదే నేనూ అంటున్నది. ఒకటి తగ్గిందంటే పోనీలే, బోర్డు మీద కాకి వాలిందనుకుంటాం. రెండు తగ్గితే ఏమనుకోవాలి? నిన్నటిదాకా తొంభై ఏడు చూపించిన బోర్డు, ఈ పొద్దున వేపపుల్ల నములుతూ చూస్తే తొంభై ఐదు చూపిస్తోంది. నా మోకాళ్ళ నొప్పి తగ్గదు, మా ఇంటామె కోపం తగ్గదు, తగ్గాల్సినవి ఏవీ తగ్గవు. దీనికి మాత్రం ఎక్కడలేని తొందర.

రాసుకో పెట్టె, ఊరి నేల సంగతి రోజూ నీకు చెప్పడమే కదా నా కొలువు. నీకు మనసు లేకపోయినా చెవులున్నాయి కదా.

తొమ్మిదేళ్ళ కింద ఈ బోర్డు పాతిన రోజు దాని మీద ముప్పై ఒకటి ఉండింది. అప్పుడు గువ్వలకుంట నేలది ఇటుక రంగు, గట్టితనం కూడా ఇటుకదే. కర్బనం అనే మాట ఊళ్ళో ఎవరికీ నోరు తిరగలేదు, అందుకని నలుపు అన్నాం, అదే నిలిచిపోయింది. బోర్డు నూరు చూపిస్తే మట్టిలో నూటికి ఒక వంతు నలుపు ఉన్నట్టు. ఈ ఏడు మఖ కార్తె వెళ్ళేలోగా నూరు చేరితే ఊరు మాది. చేరకపోతే ఊరు మూసేస్తారు. నూట నలభై మూడు మందిమీ సముద్రం ఒడ్డున గూళ్ళ మేడల్లోకి పోవాలి. పక్కనున్న బొమ్మలచేను రెండేళ్ళ కిందే పోయింది. అక్కడి మనిషి ఒకాయన ముప్పై ఎనిమిదో అంతస్తు నుంచి ఫోన్ చేసి, "కుళ్ళాయప్పా, రెండేండ్లాయ, చెప్పులు అరగలేదప్పా" అన్నాడు. అని ఏడ్చాడు.

తొమ్మిదేళ్ళుగా మేము నాగలి ముట్టలేదు. కోసిన మొదళ్ళు చేలోనే, రాలిన ఆకు చేలోనే, గొర్రెల మంద చేలోనే. ఎండ మట్టిని నేరుగా చూడకూడదు, అది మొదటి నియమం. ముసుగు వేసుకున్న కొత్త కోడలిలాగా నేలను ఆకు కింద దాచి ఉంచాం. మొన్న మొదటి వాన పడింది. నిన్న పొద్దున చేలన్నీ తిరిగి వచ్చి నీకు చెప్పాను: ఓబుళమ్మ చేలో మంచి పదునుంది, ఈ పదును పోకముందే పని కానివ్వాలి అని. మధ్యాహ్నానికి ఊరంతా కడ్డీలతో గుచ్చి గింజలు వేస్తోంది. అంత మంచి రోజు. దాని మర్నాడు రెండు తగ్గింది.

మృగశిర కార్తె, పన్నెండో రోజు

మళ్ళీ వాన. మళ్ళీ పదును. మళ్ళీ రెండు. ఇప్పుడు తొంభై మూడు.

బోర్డు ముందు నిలబడి ఉంటే మాబు వచ్చాడు. ఊళ్ళో ఉన్న మూడు వందల గొర్రెలూ వాడివే. వాటిని రోజుకొక చేలో నిలిపి నేలకు బలం పోయించేది వాడే.

"ఏం మామా, పరీక్ష తప్పిన పిల్లోని మాదిరి నిలబడినావు?"

"మార్కులు నావి కాదురా, నీ గొర్రెలవి. పెంటికలు సరిగ్గా వేస్తాండాయా లేదా?"

"నా గొర్రెలను అనొద్దు మామా. ఒక్కోటి ఇద్దరు మనుషుల పని చేస్తాంది. అది గూడా ఎనకనుంచి."

నవ్వాను గానీ కళ్ళు బోర్డు మీదే ఉన్నాయి. వాడూ ఊరికే నవ్వించడానికే అన్నాడు. వెళ్ళేముందు మెల్లగా, "మామా, ఆ మేడల్లోకి గొర్రెల్ని రానిస్తారా?" అని అడిగాడు. రానివ్వరని వాడికీ తెలుసు.

ఆరుద్ర కార్తె, నాలుగో రోజు

మూడో వాన, తొంభై ఒకటి. ఈ పాటికి వాన పడితే జనం బయటికొచ్చి తడవడం మానేసి బోర్డు వైపు చూడడం మొదలుపెట్టారు. మబ్బు పడితే దిగులుపడే రైతులను నా యాభై నాలుగేళ్ళలో ఇదే చూడడం.

అంకెలు ఎందుకు కోస్తున్నారని, బోర్డు నడిపే నేల కేంద్రానికి నేను రాసిన ఉత్తరానికి ఇవాళ జవాబు వచ్చింది. ఒకటే మాట: దుక్కి. మా ఊళ్ళో ఎవరో నేల దున్నుతున్నారట. దున్నితే నేల తెరుచుకుంటుంది, నలుపు గాలిలోకి పోతుంది, అందుకని దుక్కికి రెండు చొప్పున కోత.

చేలలో పాతిన మీ కొలత కడ్డీలు ఏమంటున్నాయో చూడండి అని మళ్ళీ రాశాను. మనిషి మాట ఉన్నప్పుడు కడ్డీ మాట చెల్లదు అని జవాబు. ఆ నియమం మేము కొట్లాడి తెచ్చుకున్నదే. ఒకప్పుడు మేకపోతు కాలితో గీరుకుంటే కడ్డీలు దుక్కి అని కూసేవి. యంత్రం కన్నా మనిషి మాట పైన ఉండాలని ఆరు ఊళ్ళు ఏకమై అరిచాం. బాగా అరిచాం, గెలిచాం.

అంటే మా ఊరి మనిషే ఎవరో చెప్పాడన్న మాట. ఎవరని అడిగితే పేరు చెప్పకూడదట. నేను ఊళ్ళోకి వెళ్ళి ఆ మాట చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. సాయంత్రానికి ఒకరి వైపు ఒకరు చూసే చూపులు మారిపోయాయి. దున్నేవాడు ఎవడు, కేంద్రానికి చాడీలు మోసేవాడు ఎవడు? నూట నలభై మూడు మందిలో ఇద్దరు దొంగలు.

ఆరుద్ర కార్తె, తొమ్మిదో రోజు

ఈ రోజు నేను చేసింది మంచి పని కాదు. అయినా రాసుకో.

ఊళ్ళో మిగిలిన నాగలి ఒకటే. అది ఓబుళమ్మ ఇంట్లో అటక మీద ఉంది. మిగతా నాగళ్ళన్నీ కమ్మరి మౌనాచారి కరిగించి గింజ గుచ్చే కడ్డీలు చేసేశాడు. ఓబుళమ్మ మాత్రం ఇవ్వలేదు. మా ఆయన పిడికిలి దాని మీద అచ్చుపడి ఉంది, నేను చచ్చినాక కరిగించుకోండి అంది. ఆమెకు డెబ్బై రెండేళ్ళు. నాకు వరసకు అత్త.

వెళ్ళి నిలబడ్డాను. ఏమడగాలో తెలియక మజ్జిగ అడిగాను. చెంబు చేతికిస్తూ నా కళ్ళు అటక వైపు పోవడం చూసేసింది.

"మజ్జిగ అటక మీద లేదు అల్లుడా."

"ఊరికే చూస్తాండా అత్తా."

"ఊరికే ఏంటికి? ఎక్కి చూడు. నిచ్చెన ఆడుంది. కర్రుకు మట్టి ఉందేమో నాకి చూడు."

నేను ఎక్కాను. పెట్టె, ఎక్కకుండా తిరిగివస్తే బాగుండేది, కానీ ఎక్కాను. నాగలి మీద తొమ్మిదేళ్ళ దుమ్ము, సాలెగూళ్ళు. ఒక పిల్లి మూడు పిల్లలను పెట్టింది. దిగేటప్పటికి ఆమె చెంబు తీసుకుని లోపలికి పోయింది. తలుపు వేయలేదు. వేసినా ఇంత బాధ ఉండేది కాదు.

పునర్వసు కార్తె, ఏడో రోజు

మౌనాచారి కూతురి పెళ్ళి. పేరుకే మౌనాచారి గానీ, ఆయన మాట్లాడడం మొదలుపెడితే కొలిమిలో నిప్పు చల్లారిపోవాల్సిందే. ఈ రోజు ఊరు ఊరంతా ఆయన పందిట్లోనే. మంచం పట్టిన ముసలాయనను కూడా మంచంతో సహా మోసుకొచ్చారు. నిన్నటి వానకు మంచి పదును ఉండబట్టి, అది ఆరకముందే చేలోకి పోవాలని పొద్దున్నే నీకు చెప్పాను గానీ, పెళ్ళి అని ఒక్కరూ కదల్లేదు. చేలలో పిట్ట కూడా లేదు. నేను గట్టెక్కి చూశాను కాబట్టి చెబుతున్నాను.

సాయంత్రం బోర్డు ఎనభై తొమ్మిది.

ఇప్పుడు నాకు భయం పోయి కోపం వచ్చింది. ఒక్క మనిషి చేలో లేని రోజున దుక్కి జరిగిందని ఎవడో చెప్పాడు. అంటే దున్నేవాడు లేడు. అబద్ధం చెప్పేవాడు ఒకడే ఉన్నాడు. పెళ్ళి భోజనం అరగకముందే కేంద్రానికి ఉత్తరం చెప్పి పంపాను: ఆ అబద్ధాలకోరును తెచ్చి నా ఎదుట నిలబెట్టండి, నేను గువ్వలకుంట నేల రాతగాణ్ణి, ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి, ఎనిమిదో తరగతి గదికి కప్పు లేక ఆగిపోయాను గానీ లేకుంటే ఇంకా చదివేవాణ్ణి.

చివరి ముక్క అనవసరం. పంపాక తెలిసింది.

పుష్యమి కార్తె, ఆరో రోజు

కేంద్రం నుంచి ఒకమ్మాయి వచ్చింది. పేరు రవళిక. పాతికేళ్ళుంటాయి. గూళ్ళ మేడల్లోనే పుట్టి పెరిగిందట. బండి దిగి నేల మీద అడుగు పెట్టి, మెత్తగా ఉందని గబుక్కున వెనక్కి తీసుకుంది.

నా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టాను. మాబు, ఇంకో పదిమంది చుట్టూ చేరారు. ఓబుళమ్మ కూడా వచ్చింది, కానీ నాకు ఎదురుగా కాదు, ఆ అమ్మాయికి పక్కన నిలబడింది.

"ఆ మనిషిని తెచ్చినారా మేడమ్?" అన్నాను.

"ఎదుట నిలబెట్టమన్నారు కదండీ," అంది రవళిక. "నిలబెట్టాలంటే అద్దం తేవాలండీ."

"అంటే?"

"ఆ మనిషి మీరేనండీ."

మాబు నోరు తెరిచాడు. నేనూ తెరిచే ఉంటాను. ఆ అమ్మాయి చేతిలో పలక లాంటిది తీసి చదివింది. నా మాటలే. "మృగశిర నాలుగో రోజు: 'ఓబుళమ్మ చేలో మంచి పదునుంది, ఈ పదును పోకముందే పని కానివ్వాలి.' దీన్ని పెట్టె ఇలా అర్థం చేసుకుందండీ: పదునైన పనిముట్టుతో చేలో పని జరుగుతోంది. అంటే దుక్కి. నాలుగు వానలకు నాలుగుసార్లు చెప్పారు. నాలుగు కోతలు. మీ మాట ఉంది కాబట్టి కడ్డీల మాట ఎవరూ చూడలేదు."

ఓబుళమ్మ నా వైపు తిరిగింది.

"అంటే మోసింది నువ్వేనా?"

"నేనే అత్తా."

"నా అటక ఎక్కింది గూడా నువ్వే."

"అదీ నేనే."

"ఆ పిల్లిపిల్లలను అడిగి ఉంటే చెప్పేవి కదా, దొంగెవరో." అని మొదట ఆమె నవ్వింది. ఆ తర్వాత అరుగు మొత్తం నవ్వింది. నేను మాత్రం ఆమె కాళ్ళ వైపు వంగాను. "లెయ్, లెయ్. నడుము పట్టుకుంటే మల్ల నేనే లేపల్ల" అంది.

పోయిన ఏడు దాకా ఈ తంటా లేదు. నేను పుస్తకంలో రాసి పంపేవాణ్ణి, కేంద్రంలో మా వైపు గుమాస్తా ఒకాయన చదివేవాడు. ఆయనకు పదును అంటే ఏమిటో తెలుసు. ఆయన పని మానుకున్నాక పుస్తకం పోయి నువ్వొచ్చావు పెట్టె. నీకు తెలియదు. నేను చెప్పలేదు. అందరికీ తెలిసిన మాటను ఎవరైనా విప్పి చెబుతారా?

"మరి కోతలు తీసేయండి మేడమ్, అయిపాయ," అన్నాడు మాబు.

అక్కడే చిక్కుంది. మాట అర్థం మార్చాలంటే ఒక్కరు చెబితే చాలదట. ఊళ్ళో మాట్లాడగలిగినవాళ్ళందరినీ విడివిడిగా, ఒకరి మాట ఒకరు వినకుండా అడగాలి. అందరూ ఒకే అర్థం చెబితే మారుస్తారు. ఒక్కరు తేడాగా చెప్పినా పాత అర్థమే ఉంటుంది, కోతలూ ఉంటాయి. ఎనిమిది అంకెలు. అవి తిరిగి రాకపోతే ఊరు ఉంటుందో లేదో ఆ అమ్మాయి చెప్పలేదు. మాకే లెక్క వచ్చు.

ఆశ్లేష కార్తె, మూడో రోజు

బడి గదిలో బల్ల వేసుకుని రవళిక కూర్చుంది. ఒక్కొక్కరు లోపలికి పోవడం, ఇంకో తలుపు నుంచి బయటికి రావడం. బయటికొచ్చినవాళ్ళు లోపలికి పోయేవాళ్ళతో మాట్లాడకూడదు. నేను కిటికీ కింద కూర్చున్నాను. రాతగాణ్ణి కాబట్టి వినొచ్చట, నోరు విప్పకూడదట. నాకు ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు.

ఓబుళమ్మ లోపలికి పోతూ కొంగున రెండు గుప్పెళ్ళ మట్టి కట్టుకుపోయింది.

"పదును అంటే ఏంటండీ?" అని అడిగింది రవళిక.

"చెయ్యి పట్టు పాపా." మట్టి ఆ అమ్మాయి చేతిలో పోసింది. "పిడికిలి బిగబట్టు. ముద్దయిందా? ఇప్పుడు నడుమెత్తు నుంచి ఇడువు."

ముద్ద పడి పగిలి పొడిపొడిగా విడిపోయిన చప్పుడు నాకు కూడా వినపడింది.

"అదే పదును. ముద్ద కాకుంటే బెట్ట. పడినా పగలకుంటే బురద. ముద్దయి, పడి, పగలల్ల. అప్పుడు గింజేస్తే నవ్వతా లేస్తాది."

"ఇంకోసారి చేయొచ్చాండీ?" అంది రవళిక. చేసింది. మూడుసార్లు చేసింది. మేడల్లో చేతికి మట్టి అంటుకోవడానికి కూడా అనుమతి కావాలేమో.

ఆ తర్వాత మాబు. "నా గొర్రెల కాలు దిగబడకుండా, గిట్ట గుర్తు మాత్రం పడితే పదును మేడమ్." వేరే మాటల్లో అదే మాట. ఐదేళ్ళ పిల్ల లోపలికి పోయి, "ఉండలు చేసుకోడానికి బాగుంటాది" అంది. అదీ అదే. పెళ్ళికూతురు, మంచంతో సహా ముసలాయన, మా ఇంటామె. నూట ముప్పై మంది. అందరిదీ ఒకటే మాట. నా గుండె లెక్క పెట్టుకుంటోంది.

ఆఖరున మిగిలింది మౌనాచారి.

అప్పుడు తట్టింది నాకు. కమ్మరాయనకు పదును అంటే ఏమిటి? కత్తి. గొడ్డలి. పొద్దున లేస్తే ఆయన నోట వచ్చే మాటే అది. ఊరంతటిలో ఒక్క మనిషికి మాత్రమే ఆ మాటకు పెట్టె చెప్పిన అర్థం ఉంది, ఆ మనిషి ఇప్పుడు తువ్వాలు దులుపుకుంటూ గుమ్మం దాటుతున్నాడు. కిటికీలోంచి తల ఊపాను. చేతులు ఊపాను. దోమలనుకున్నాడో ఏమో, పాపం, తానూ చేయి ఊపాడు.

"పదును అంటే ఏంటండీ?"

"ఏ పదును తల్లీ? మట్టిదా, ఇనుముదా?"

నేను కళ్ళు మూసుకున్నాను.

రవళిక తలెత్తి, "రెండున్నాయాండీ?" అంది.

"రెండు యాడివి? అడిగిన నీకోసం అట్లన్నా గానీ." ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆ చప్పుడు వింటే నాకు తెలుసు, ఇంక అరగంట. "ఇనుమును ఎర్రగా కాల్చి నీళ్ళల్లో ముంచుతాం. తక్కువ తాగితే మెత్తగుంటాది, వంగిపోతాది. ఎక్కువ తాగితే పెళుసు, ఇరిగిపోతాది. ఎంత తాగల్నో అంత తాగి నిలబడితే, దానికి పదునొచ్చింది అంటాం. అంచు నూరడం ఆ తర్వాత పని, అది ఎవడైనా నూరతాడు. పదును అంచులో ఉండదు తల్లీ, తాగిన నీళ్ళల్లో ఉంటాది. మట్టికైనా అంతే, ఇనుముకైనా అంతే. మీ పెట్టెకు అంచు ఒకటే కనపడినట్టుంది."

రవళిక కలం కదిలించలేదు. నేను కళ్ళు తెరిచి చూస్తే, ఆ అమ్మాయి అరచేతిని చూసుకుంటోంది. ఓబుళమ్మ పోసిన మట్టి ఇంకా గీతల్లో ఉంది.

"నూట ముప్పై ఒకటి," అంది చివరికి. "అందరిదీ ఒకటే అర్థం."

మౌనాచారి అయిపోయిందనుకోలేదు. గొడ్డలి పదునుకూ కొడవలి పదునుకూ తేడా చెప్పడం మొదలుపెట్టాడు. రవళిక పాపం మొత్తం రాసుకుంది.

మఖ కార్తె, ఆఖరు రోజు

ఊరు మూసే తేదీ ఇవాళ. పొద్దున్నే రవళిక ఆఖరి కొలతకు నడుము లోతు గొట్టం తెచ్చి, ఏడు చోట్ల నేలలోకి దింపింది. పైకి తీసినప్పుడల్లా గొట్టంలో మట్టి, పైన నల్లగా, కిందకు పోయేకొద్దీ మా పాత ఇటుక రంగు. తొమ్మిదేళ్ళు ఒక జానెడు మందం. ఒక దాంట్లో వానపాము సగం బయటికి వచ్చి, ఇదేం గోల అన్నట్టు చూసి మళ్ళీ లోపలికి పోయింది.

జనమంతా బోర్డు కింద. మాబు గొర్రెలు కూడా. వాటికి చెప్పేవాళ్ళు లేరు గానీ, మూడు వందలూ వచ్చాయి.

బోర్డు వెలిగింది. తొంభై ఐదు. పెళ్ళినాటి కన్నా ఆరు పెరిగింది, కానీ నూరు కాదు.

ఎవరో ఆడమనిషి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మాబు గొర్రె మెడ పట్టుకున్నాడు. రవళిక చేయెత్తి, "ఆగండి, పాత కోతలు ఇంకా తీయలేదండీ, బోర్డు ఒక్కొక్కటే తీస్తుంది" అని అరిచింది. ఆ అమ్మాయి అరవడం అదే మొదటిసారి అనుకుంటా, గొంతు చీలిపోయింది.

తొంభై ఏడు.

తొంభై తొమ్మిది. ఇక్కడ బోర్డు ఎంతసేపు ఆగిందో నాకు తెలియదు. నేను మాత్రం యాభై నాలుగు నుంచి అరవైకి చేరాను.

నూట ఒకటి.

ఆ తర్వాత నూట మూడు ఎవరూ చూడలేదు. చూసే స్థితిలో లేరు. గొర్రెలు నాలుగు దిక్కులకూ చెదిరిపోయాయి, మాబు వాటిని పట్టుకోవడం మానేసి మౌనాచారిని ఎత్తుకున్నాడు. మౌనాచారి గాలిలో కూడా మాట్లాడుతూనే ఉన్నాడు. మంచం మీది ముసలాయన లేచి కూర్చుని ఎన్ని ఎన్ని అని అడిగాడు. నూట మూడు తాతా అంటే, ఆ మూడు నాయి అన్నాడు. ఇచ్చేశాం.

ఓబుళమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది. గుప్పెడు మట్టి తీసి నా రెండు బుగ్గలకూ పూసింది. "నేల నల్లబడె, నువ్వేమో తెల్లబడ్తివి. ఇప్పుడు సరిపాయ" అంది.

రవళిక పోయేముందు చెప్పింది: రేపటి నుంచి రాష్ట్రంలో ఉన్న పెట్టెలన్నింటికీ పదును నేర్పుతారట. కొలతలో ఒక గడి కూడా పెడతారట, వానకు ఎంత, ఎండకు ఎంత, పదునుకు ఎంత అని. ఆ గడి పక్కన మా ఊరి పేరు. సంతకం చేస్తూ నన్ను అడిగింది, "అరపదును అని కూడా రాశారు కదండీ, అదేంటి?" నేను రెండు చేతులూ జోడించాను. "అది ఇంకో నూట ముప్పై ఒక్క మందిని అడగల్ల మేడమ్, ఈ ఏడు వద్దు" అన్నాను. నవ్వుతూ బండెక్కింది. ఎక్కేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకుంది, మట్టి కాళ్ళతోనే పోయింది.

ఊరు మాది పెట్టె. రాసుకో, పెద్ద అక్షరాలతో రాసుకో. మమ్మల్ని ఎక్కడికీ పంపలేరు. ఇంకొక్క మాట కూడా రాసుకో, గొప్ప కోసం చెప్పడం కాదు గానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా. ముప్పై ఒకటి నుంచి నూట మూడు దాకా రావడం వెనక నిజంగా ఉన్న మనిషి ఎవరని రేపు ఎవరైనా అడిగితే, గొర్రెలు కాదు, కడ్డీలు కాదు, అసలు ఆ మనిషి…

"కుళ్ళాయప్పా! పెట్టెతో సంసారం చాలు గానీ రా! ఉలవలు గుచ్చల్ల, ఊరంతా చేలో ఉంది, నువ్వొక్కడివే కూర్చోనున్నావు!"

వస్తి అత్తా, వస్తి! ఒక్క నిమిషం. ఆ మనిషి ఎవరంటే పెట్టె, తొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున్నే